బూడిద పూసిన కెటిల్

మా వదిన పోయిందని పక్క రైసుమిల్లుకి ఫోను వచ్చింది. మిల్లు గుమాస్తా గోడ మీంచి ఆ మాట చెప్పేసరికి నేను కాఫీ కలుపుతున్నాను. గ్లాసు అక్కడే పెట్టి, చీర మార్చుకుని, తెనాలి స్టేషనుకి వెళ్ళి రేపల్లె బండెక్కాను. దారిపొడుగునా ఏడుస్తూనే ఉన్నానని రాస్తే బాగుంటుంది. కానీ వేమూరు దాటేదాకా నేను ఆలోచించింది ఆవిడ రాగి కెటిల్ గురించి.

వదిన అంటే మా ఆయనకి అక్క. నాకంటే ఒక క్లాసు ఎక్కువ చదివింది. ఆ సంగతి నేను మర్చిపోతానేమోనని ఆవిడకి ఎప్పుడూ బెంగ. పాత కెటిల్స్ పోగుచేసే పిచ్చి మా ఇద్దరికీ ఇంచుమించు ఒకేసారి పట్టింది. అవి ఇళ్ళల్లోకి స్టీలు వచ్చిన రోజులు. వీధిలో స్టీలు సామాన్లవాడు కేకేస్తే చాలు, తాతలనాటి ఇత్తడీ రాగీ తెచ్చి వాడి గంపలో పడేసి, తళతళలాడే డబ్బా ఒకటి పుచ్చుకుని మురిసిపోయేవాళ్ళు. పాతవన్నీ కొలిమికి పోయేవి. ఆ గంపల అడుగున అప్పుడప్పుడూ ఒక కెటిల్ దొరికేది. దొరల బంగళాలో మిగిలింది ఒకటి, రైల్వేవాళ్ళది ఒకటి, యుద్ధం నుంచి ఎవరో మోసుకొచ్చింది ఇంకొకటి. మా ఇళ్ళల్లో అందరూ కాఫీవాళ్ళే కాబట్టి వాటికి పోటీ లేదు. ఆ మాటకొస్తే మా ఇద్దరికీ కూడా టీ పడదు.

కెటిల్ ఏ కాలానిదో, ఎవరు చేసిందో తేల్చడంలో మా దారులు వేరు. నేను బోర్లించి అడుగు చూస్తాను. ముద్ర ఉందా, అతుకు ఎక్కడ వేశారు, పిడికి కొట్టిన మేకులు ఎలాంటివి, ఇవీ నాకు కావలసినవి. వదిన అడుగు జోలికే పోదు. నీళ్ళు నింపి పెరట్లో కనకాంబరాల మడి దగ్గరికి తీసుకెళ్ళి, మొక్కలకి పోస్తూ నిలబడుతుంది. ధార ఎలా వస్తోంది, మూత ముందుకు జారుతోందా, పోయడం ఆపి కెటిల్ నిలువుగా ఎత్తగానే కొమ్ము చివర చుక్క నిలుస్తోందా, అదే ఆవిడ పరీక్ష.

"చుక్క నిలిచిందంటే చేసినవాడు తొందరపడ్డాడన్నమాటే అమ్మాయ్. ముద్రదేముంది, ఎవడైనా కొడతాడు" అనేది.

ఆ పరీక్ష నెగ్గిన ప్రతి కెటిలూ ఆవిడ లెక్కలో డచ్చివాళ్ళది. ఆవిడుండే రేపల్లెకి నిజాంపట్నం రేవు దగ్గరే కదా, డచ్చివాళ్ళు అక్కడికి వచ్చిన మాటా నిజమే. కానీ ఆవిడ అలమార చూస్తే వాళ్ళు వ్యాపారం మానేసి పొద్దస్తమానం టీ కాచుకున్నారేమో అనిపించేది. ఒకసారి అలాంటి డచ్చి కెటిల్ మూత తిప్పి చూస్తే లోపల చక్కటి తెలుగు అక్షరాల్లో 'సీతమ్మ' అని చెక్కి ఉంది.

"వదినా, మీ డచ్చావిడ పేరు సీతమ్మటండీ!"

"ఏం, పోయేటప్పుడు సీతమ్మకి అమ్మేసి పోకూడదా?" అంది తడుముకోకుండా. ఆనాటి నుంచీ దాని పేరు డచ్చి సీతమ్మే.

ఇక రాగి కెటిల్ సంగతి. అది బాపట్లలో దొరికింది. బంధువుల ఇంట్లో పెళ్ళికి ఇద్దరం వెళ్ళాం. పందిరి బయట స్టీలు సామాన్లవాడు గంప దించాడు. అందులో ముందు చూసింది నేనే, అది దేవుడికి తెలుసు. హంస మెడలాంటి కొమ్ము, పట్టుకునేచోట నున్నగా అరిగిన పిడి. అలవాటు కొద్దీ బోర్లించి, అడుగు తుడిచి, ముద్ర వెతుకుతూ కూర్చున్నాను. ముద్ర లేదు. తలెత్తేసరికి బేరం అయిపోయింది. బదులుగా వాడి గంపలో కొత్త స్టీలు క్యారియరు కూర్చుంది. అది పెళ్ళికూతురికి ఇద్దామని నేను తెనాలి నుంచి తెచ్చుకున్న క్యారియరు.

"క్యారియరు నాది, కెటిల్ మీదా? ఇదెక్కడి న్యాయమండీ?"

"నువ్వు దాని అడుగు చూశావే. నేను దాన్ని చూశాను" అంది మా వదిన, కెటిల్ని కొంగులో దాచుకుంటూ.

పెళ్ళికూతురికి ఇద్దరం కలిసి అక్షింతలు మాత్రం ఇచ్చాం. ఆ తర్వాత మేం ఎప్పుడు కలిసినా, తద్దినంలో అయినా సరే, ఆ తగాదా ఒకసారి పడాల్సిందే. అది లేకపోతే మా మాటలకి ఉప్పుండేది కాదు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. నేను వస్తువులు కూడబెట్టాను. వాటిని చూసి నవ్వుకోవడం నాకు నేర్పింది ఆవిడే.

పోయిన ఏడు మంచాన పడ్డప్పుడు చూడ్డానికి వెళ్ళాను. కబుర్లయ్యాక, ఏదో అడిగినట్టుగా, "ఇవన్నీ తర్వాత ఎవరు చూసుకుంటారో" అన్నాను. నా గొంతు ఎంత మెత్తగా ఉన్నా ఆవిడకి అర్థం కాకపోదు. పక్కకి తిరిగి నవ్వింది.

"రాగిదేగా నీ బాధ? నేను పోయాక అది నీ కంటపడి, నువ్వు గుర్తుపడితే నీదే, పో."

నా కంట పడకపోవడమేంటి అనుకున్నాను.

ఆ పొద్దున రేపల్లెలో ఇంటి గుమ్మం తొక్కగానే హాల్లో వదినని పడుకోబెట్టి ఉంచారు. నేను ముందు చూసింది ఆవిడ ముఖం కాదు. తలవైపున్న అలమార పై అర. డచ్చి సీతమ్మ ఉంది, రైల్వేవాళ్ళ కెటిల్ ఉంది, రాగిది ఉండే చోట గుండ్రంగా ఖాళీ ఉంది. ఆ తర్వాతే కిందికి చూసి ఏడ్చాను. అందరూ నా ఏడుపు చూసి పాపం అనుకున్నారు.

శవం లేచేదాకా చావింట్లో పొయ్యి వెలగదు కదా. పక్కింటి అమ్మాయి వాళ్ళింట్లో కాచి, బూడిద పూత మీద మసి పట్టి నల్లబడ్డ గిన్నెలాంటిదేదో పట్టుకొచ్చి, వరసగా అందరికీ గ్లాసుల్లో టీ పోసింది. "ఈ ఇంట్లో టీ ఏంటమ్మా, కాఫీ లేదా?" అని ఈసడించాను. ఆ అమ్మాయి తర్వాతి గ్లాసు వైపు జరిగింది. జనం అంత ఒత్తుకుని కూర్చున్నా ఎవరి చీర మీదా చుక్క పడలేదు. చెయ్యి తిరిగిన పిల్ల అనుకున్నాను. అల్లం ఎక్కువైందని గొణుగుతూనే రెండో గ్లాసు కూడా తాగాను.

మగవాళ్ళు స్మశానానికి వెళ్ళాక వదిన కోడల్ని పట్టుకున్నాను.

"ఈమధ్య స్టీలు సామాన్లవాడు వచ్చాడా అమ్మాయ్?"

"లేదండి పిన్నిగారూ."

"మరి ఆ ఖాళీ ఏంటి? మీ అత్తగారు మంచం మీద ఉన్నప్పుడు మీకేం తొందరొచ్చిందీ?"

ముంగిట్లో ఉన్న ఆడవాళ్ళందరూ వినేలాగానే అన్నాను. నా గొంతుకి గుసగుస రాదు. ఆ పిల్ల తల దించుకుంది, కళ్ళ నీళ్ళు తిరిగాయి. దొంగ దొరికిందనుకున్నాను. అత్తగారు పోయిన రోజున కోడలి కంట్లో నీళ్ళు రావడానికి ఇంకో కారణం ఉండొచ్చని, ఇంత చదువుకున్నదాన్ని, నాకు తోచలేదు.

చిన్నదినం నాడు పెరట్లోకి వెళితే, పక్కింటి అమ్మాయి నూతి దగ్గర కూర్చుని ఆ టీ గిన్నె కడుగుతోంది. పీచుతో రుద్దుతుంటే బూడిద పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కింద రాగి. హంస మెడ. అరిగిన పిడి. నేను నూతి చప్టా మీద ఆ పిల్ల పక్కనే కూర్చున్నాను.

"పెద్దమ్మగారే ఇచ్చారండి అత్తయ్యగారూ" అంది ఆ అమ్మాయి. "నేను పోయాక మా ఇంట్లో పొయ్యి వెలగదు, నువ్వే కదా కాచి తేవాలి, దీన్లో టీ కాచు, కాఫీ కాదు అన్నారు. మసి పట్టకుండా బూడిద కూడా ఆవిడే దగ్గరుండి పూయించారండి. మా మరదలు గుర్తుపడితే ఇచ్చెయ్, లేకపోతే నువ్వే ఉంచుకో అని ఒకటే నవ్వు."

"వాళ్ళ కోడలికి తెలుసా ఈ సంగతి?"

"తెలుసండి. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు ఆవిడతో."

ఒక ముసలామె పోతూ పోతూ ఆడిన చిన్న ఆట అది. నేను ఓడిపోయి, అల్లం ఎక్కువైందని వంక పెట్టి, ఆ తర్వాత అందరి నవ్వుల్లో కలిసి నవ్వాల్సింది. ఆవిడ ఏర్పాటు చేసింది నవ్వుకోవడానికే. దాన్ని దొంగతనంగా మార్చింది నా నోరు. ఆ కోడలు పిల్ల అంతమంది ముందు నింద పడింది కానీ, చచ్చిపోయిన అత్తగారి ఆట మాత్రం చెడగొట్టలేదు.

పెద్దకర్మ నాడు పక్కింటి అమ్మాయి కెటిల్ తెచ్చి నా చేతిలో పెట్టబోయింది. "తీసుకెళ్ళండి, మీ ఇద్దరిదీ కదా" అంది. వద్దన్నాను. నాకు త్యాగబుద్ధి పుట్టిందని ఎవరూ అనుకోవద్దు. అది ఇప్పటికీ నాకు కావాలి. తీసుకుంటే మాత్రం ఇంటికెళ్ళి మళ్ళీ దాని అడుగే చూస్తాను.

కోడలితో "తప్పయిందమ్మా" అని అంతకుముందే అన్నాను. "అయ్యో, పర్లేదండి పిన్నిగారూ" అంది. ఆ పిల్ల అలా అనకుండా నన్ను నాలుగు తిట్టి ఉంటే, ఈ పాటికి తెనాలిలో నాకు నిద్రపట్టేది.

భోజనాలయ్యాక, బండికి టైముందని, ఆ కోడలు పిల్లే పక్కింటి నుంచి ఆ కెటిల్లో టీ తీసుకుని నా దగ్గరికి వచ్చింది. మళ్ళీ కొత్తగా బూడిద పూశారు. వేలు ఆనేచోట మాత్రం పూత చెదిరి, బొటనవేలంత రాగి ఎర్రగా కనబడుతోంది. గ్లాసు చాపాను. ధార సన్నగా, ఒకే తీరుగా దిగి, గ్లాసు నిండేవేళకి ఠక్కున తెగింది. కొమ్ము చివర చుక్క నిలవలేదు. నేను ఆ కొమ్మునే చూస్తూ కూర్చున్నాను, పోసినామె ముఖం వైపు తలెత్తకుండా.