లూసీ కుట్టిన బైబిల్ కవరు

అమెరికాలో, మోరిస్‌విల్‌లో మా తెలుగు చర్చికి వచ్చే లూసీ ఏదైనా మొదలుపెడితే ఒక పట్టాన వదిలే మనిషి కాదు. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది కదా, తప్పులు పట్టడం ఆమెకు అలవాటు. నేను వండుకెళ్ళిన బిర్యానీలో కూడా తప్పు పడుతుంది. అలాంటి లూసీ ఈ మధ్య తోలు పని నేర్చుకుంటానని బిగినర్ కిట్ తెప్పించుకుని గరాజ్‌లో కూర్చుంది.

ముందు ఒక కీచైన్ చేసింది. మైనం పూసిన దారానికి రెండు కొసలా సూదులు ఎక్కించి, ఒకే చిల్లులోంచి రెండింటినీ ఎదురెదురుగా దూర్చి లాగాలట. వీడియోలు చూసి నేర్చుకుంది. ఆ కీచైన్ నాకే ఇచ్చింది. ఒక కుట్టు తూర్పుకి పోతే ఇంకోటి పడమరకి పోయింది. అయినా మా కారు తాళాలు ఇప్పటికీ దానికే ఉన్నాయి.

వాళ్ళ నాన్న ఆనందబాబుగారికి మాత్రం ఈ పని గిట్టలేదు. రేపల్లెలో బ్యాంకు మేనేజరుగా రిటైరై, ఇప్పుడు కూతురి దగ్గరే ఉంటున్నారు. ఇస్త్రీ చొక్కా లేకుండా మెయిల్ బాక్స్ దాకా కూడా వెళ్ళరు. ఆయన తండ్రి చెప్పులు కుట్టేవాడని లూసీకి తెలుసు. చర్చిలో మాకెవరికీ తెలియదు, తెలియకూడదనే ఆయన పంతం. ఇదంతా లూసీ నాకు తర్వాత చెప్పింది.

"తోలు పొడిచే ఆరె నేను పట్టగూడదనే మీ తాత నన్ను చదివిచ్చాడమ్మా. ఇప్పుడు నువ్వు పడతావా? నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు?" అన్నారట.

"ఇక్కడ దీనికి క్లాసులుంటాయి నాన్నా, వీకెండ్‌కి స్లాట్ కూడా దొరకదు. తాత చేసిన పని నేను చేస్తే సిగ్గెందుకు?" అందట లూసీ.

అంతటితో ఊరుకోకుండా, ఆయన బైబిల్‌కే కవరు కుడతానని పూనుకుంది. నెట్‌లో దొరికిన కొలతలు పెట్టి మంచి గోధుమరంగు తోలు కోసింది. అక్కడే దెబ్బ తింది. అవి ఇంగ్లీషు బైబిల్ కొలతలు. మన తెలుగు బైబిల్ ఎంత లావో తెలిసిందే, పైగా ఆనందబాబుగారు పాటల పుస్తకం కూడా అందులోనే దోపుకుంటారు. కుట్టడం పూర్తయ్యాక తొడిగి చూస్తే రెండు వేళ్ళ వెడల్పు తక్కువైంది. ఊళ్ళో తప్పులన్నీ పట్టే మనిషి, పుస్తకం పక్కన పెట్టి కొలుచుకోలేదు! గరాజ్‌లోనే కూర్చుని ఏడ్చేసిందట.

ఆనందబాబుగారు గుమ్మంలో నిలబడి కాసేపు చూశారు. లోపలికి వెళ్ళి తన పాత నల్ల బెల్టు తెచ్చి బల్ల మీద పెట్టారు.

"కవరు వీపు కాడ నిలువునా కోసెయ్. మధ్యలో ఈ పట్టీ వేసి అతుకు. ఇరుకు చెప్పులకి మా నాన్న ఇట్టాగే చేసేవాడు."

లూసీ కుడుతున్నంతసేపూ పక్కనే కూర్చున్నారు. తీరా అయ్యాక, "ఇది ఇంట్లో చదువుకునేదానికి ఉంచుకుంటాలే. చర్చికి ఒద్దు" అన్నారు. లూసీకి మనసు చివుక్కుమంది.

ఆ ఆదివారం కారెక్కేటప్పుడు చూస్తే ఆ కవరుతోనే బైబిల్ ఆయన చేతిలో ఉంది. ఎందుకని అడిగే ధైర్యం లూసీకి లేకపోయింది. చర్చి గుమ్మంలో నేనున్నాను కదా, నా నోరు ఊరుకోదు. గోధుమరంగు మధ్యలో నల్ల పట్టీ కొట్టొచ్చినట్టు కనబడుతోంది.

"భలే ఉంది అంకుల్! ఏ షాపులో తీసుకున్నారు?"

ఆయన గబగబా లోపలికి వెళ్ళిపోయారు. లూసీ తల దించుకుంది. నేనేం తప్పు మాట్లాడానో నాకర్థం కాలేదు.

పాటలయ్యాక, దేవుడు చేసిన మేళ్ళు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల సమయం వచ్చింది. ఆనందబాబుగారు ఎప్పుడూ తన ఆరోగ్యానికీ మనవల చదువులకీ స్తోత్రం చెప్పి కూర్చుంటారు. ఆ రోజు మైకు పట్టుకుని బైబిల్ పైకెత్తారు.

"ఇది ఏ షాపులో కొన్నారని ఇందాక మన చెల్లెమ్మ అడిగింది. కొన్లేదు. మా నాన్న యేసోబు, రేపల్లెలో చెప్పులు కుట్టేవాడు. ఆ పనితోనే నన్ను మేనేజర్ని చేశాడు. ఇన్నేళ్ళూ ఆ మాట ఎక్కడా నా నోట రాలేదు. ఇది ఆయన మనవరాలు కుట్టింది."

బైబిల్‌ని ముందు వరసలో ఇచ్చారు. అది చేతులు మారుతూ వచ్చింది. మావాళ్ళలో ఎంతమంది ఇలాంటి మాట దాచుకున్నారో నాకు తెలుసు. నా దగ్గరికి రాగానే రెండు చేతులా అందుకున్నాను.

"అక్కా, అంచున కుట్లు చూడొద్దు, వంకరొచ్చాయి" అని లూసీ నా చెవిలో గొణిగింది.

మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"ఆ నల్ల పట్టీ కాడ చూడండి" అంటున్నారు ఆనందబాబుగారు. "అచ్చం మా నాన్న కుట్టే."