ర్యాంపు పక్కన ఇసుక

మా రేవుకు సిమెంటు ర్యాంపు రాకముందు పడవ ఒడ్డెక్కాలంటే తాటి దుంగలూ పదిమంది భుజాలూ కావాలి. పడవ అడుగు ఇసుకకు తగిలిందంటే ఒడ్డున ఉన్నవాళ్ళంతా వచ్చి పట్టాల్సిందే. పడవ ఎవరిదని అడగకూడదు. పగవాడిదైనా సరే, ముందు తోసిపెట్టి, ఆ తర్వాత తీరిగ్గా పగ కొనసాగించుకోవచ్చు.

ఈ సదుపాయాన్ని మా నాన్న, చిన్నాన్న బాగా వాడుకున్నారు. ఒకే ఏడాది ఇద్దరి పడవలకూ ఒకే ఆకుపచ్చ రంగు పడింది. ఎవరిని చూసి ఎవరు వేశారన్న తగువులో మాటలు ఆగిపోయాయి. పెళ్ళికి ఒకరు వెళితే రెండోవారికి ఒంట్లో బాగుండేది కాదు. పడవ దగ్గర మాత్రం పక్కపక్కనే నిలబడి "హైలెస్సా" అనేవారు. వాళ్ళ మధ్య మిగిలిన మాట అదొక్కటే.

తర్వాత ర్యాంపు కట్టారు. కొబ్బరికాయ కొట్టారు, ఫ్లెక్సీ కట్టారు. కొన్నాళ్ళు ఆడవాళ్ళు దానిమీద చేపలు ఎండబెట్టారు. తాడు లాగే మిషను బిగించాక పడవలు దానిమీదే ఎక్కసాగాయి. ఇక ఎవరి భుజమూ ఎవరికీ అక్కర్లేదు. ఊరంతా సంతోషించింది.

నాన్న మాత్రం పడవను పక్కనున్న ఇసుకలోకే తెచ్చేవాడు.

"ర్యాంపుండగా నీకీ యాతనేటి?" అని అమ్మ తిట్టేది.

"సిమెంటు మీద అడుగు అరిగిపోతాది."

చిన్నాన్న పడవకూ అదే జబ్బు. ఆయనా ఇసుకలోకే తెచ్చేవాడు. ఒకరి పడవకు ఒకరు భుజం పట్టేవారు.

నిరుడు చిన్నాన్నకు మోకాళ్ళు పోయాయి. పడవ కొడుక్కిచ్చేసి ర్యాంపు పిట్టగోడ మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. ఇసుకలో నడవొద్దని డాక్టరు చెప్పాడు. నేను మల్కాపురం నుంచి పుట్టింటికి వచ్చిన రోజు నాన్న పడవను చిన్నాన్న లేకుండా కుర్రాళ్ళే తోశారు. నాన్న అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచిపోయాడు. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు నాన్న పడవ ర్యాంపు వైపు తిరిగింది. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు చేతులాపి చూశారు. తాడు తగిలించాక మిషను లాగడం మొదలుపెట్టింది. చిన్నాన్న గోడ పట్టుకుని లేచి, మెల్లగా వచ్చి, పడవ అంచుమీద చెయ్యి వేశాడు. నాన్న రెండోవైపు వేశాడు.

"గట్టిగా తొయ్‌రా," అన్నాడు నాన్న.

"తోత్తన్నాను కదన్నా."

మిషను నడిపే అతను వాళ్ళను చూసి వేగం తగ్గించాడు. పడవ పైకెక్కాక ఇద్దరూ అలిసిపోయి ఆ పిట్టగోడ మీద కూర్చున్నారు.