ట్రాలీలో పన్నెండు సద్ది క్యారియర్లు

కురుగోడులో హొన్నప్ప ట్రాక్టరు కంటే ముందు దాని పాటలు వస్తాయి. నాట్లేసే పన్నెండు మంది ఆడవాళ్లను చేలకు చేర్చడం ఇరవై ఏళ్లుగా అతని పని. దారిలో ఎవరైనా తనను దాటిపోతే ఆ రోజు అన్నం సహించదు. "నేను ఫాస్టప్పా!" అని మీసం మెలేస్తాడు. భార్య పోయాక ఇల్లు మూగబోయింది. పాటల్ని కూడా మించే ఆ పన్నెండు మంది వాగుడే ఇప్పుడతనికి ఇల్లూ వాకిలీ. ఆ సంగతి మాత్రం ఎవరితోనూ అనడు.

కాలువ వంతెన దగ్గర బండి ఆపడం వాడుక. ఆడవాళ్లు దిగి నీళ్లు పట్టుకుంటారు, ఆకువక్క వేసుకుంటారు. అందరూ ఎక్కాక వాళ్ల పెద్ద హుసేనమ్మ ట్రాలీ రేకును రెండుసార్లు చరుస్తుంది. అప్పుడే బండి కదలాలి.

ఆ సోమవారం రేకు మోగకముందే, ఊళ్లో ఇంకో బండి తోలే మారెన్న ట్రాక్టరు హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది. హొన్నప్పకు ఒళ్లు మండింది. పాటలు పెంచాడు, గేరు మార్చాడు, మారెన్నను వెనకేసి చేను గట్టున ఠీవిగా దిగాడు.

చేను ఆసామి శరణమ్మ ట్రాలీలోకి తొంగి చూసింది.

"ఏందప్పా, క్యారియర్లతో నాట్లేపిస్తావా?"

పన్నెండు సద్ది క్యారియర్లు తప్ప లోపల నరమానవుడు లేడు.

హొన్నప్ప బండిని లగెత్తించుకుంటూ వెనక్కి పోయాడు. ఆడవాళ్లు కాలువగట్టు మీద నడిచి వస్తున్నారు. ఎక్కమంటే ఒక్కరూ ఎక్కలేదు. బండి తిప్పుకొని, సారె బండిలాగా వాళ్ల వెనకే మెల్లగా నడిపాడు.

"మామా," అంది డిగ్రీ చదువుతూ సెలవుల్లో నాట్లకొచ్చే మంజుశ్రీ, "చక్రం జోరుగా తిరిగితే ఫాస్టు. పని బిరీన అయిపోతే క్విక్కు. నువ్వు ఫాస్టే. మా పనే గంట ఎనకబడె."

"రేపట్నించి మారెన్నకు చెప్తాం," అంది హుసేనమ్మ.

హొన్నప్ప పాటలు కట్టేశాడు.

"అట్లనద్దక్కా. ఇల్లెట్లాగూ బోసిపాయె. బండి గూడా బోసిపోతే నేను యాడికి పోవల్ల?"

హుసేనమ్మ నడక ఆపలేదు.

మర్నాడు పొద్దున్నే వాళ్ల వీధిలో బండి నిలిపి, పాటలు లేకుండా కూర్చున్నాడు. ఆడవాళ్లు గడపల్లో నిలబడి ఉన్నారు. మారెన్న ట్రాక్టరు వచ్చింది. ఆగుతుందేమోనని హొన్నప్ప తల తిప్పి చూశాడు. ఆగలేదు, హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది. ఒకడు తనను దాటిపోయినందుకు అతనికి సంతోషం కలగడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

కాసేపటికి వెనక రేకు రెండుసార్లు మోగింది.