జాతీయ గీతం వేళ మోకాలిపై మా అమ్మాయి: కమ్మింగ్ నుంచి మేకన్ దాకా

వాలీబాల్ మ్యాచ్ కోసం రెండున్నర గంటలు డ్రైవ్ చేసే రకం కాదు మేము. వేరే ఊళ్లో ఆట ఉంటే పిల్లలు టీమ్ బస్సులో వెళ్లొస్తారు, మేము వీడియో చూసి "బాగా ఆడావు" అంటాం. శుక్రవారం పొద్దున మా అమ్మాయి సాహితి దోసె తింటూ, రేపు మేకన్‌లో మ్యాచ్‌కి ముందు జాతీయ గీతం వచ్చేటప్పుడు తను నిలబడనని, ఒక మోకాలి మీద కూర్చుంటానని చెప్పింది. ఇక్కడ అమెరికాలో ఆటగాళ్లు జాతి వివక్షకు నిరసన తెలిపే పద్ధతి అది. పోయిన నెల ఒక మ్యాచ్‌లో గ్యాలరీలోంచి ఎవరో తన స్నేహితురాలు మాయాని చూసి కోతి అరుపులు అరిచారు. మాయా నల్లజాతి పిల్ల. ఫిర్యాదు చేస్తే "చూస్తాం" అన్నారు, చూసినవాళ్లు లేరు. టీమ్‌లో ఆరుగురు కూర్చుంటామన్నారట. గ్రూప్ చాట్‌లో ఒక్కొక్కరూ జారుకుని, చివరికి మిగిలింది మాయా, మా సాహితి.

మా ఆయన శ్రీధర్ ప్లేటు పక్కకు జరిపారు. "మన స్టేటస్ తెలుసు కదమ్మా. గ్రీన్ కార్డ్ ఇంకా పెండింగ్‌లోనే ఉంది. ఎవరైనా వీడియో తీసి పెడితే?"

"పెండింగ్ మీది నాన్నా. నేను ఇక్కడే పుట్టాను. మాయా కూడా ఇక్కడే పుట్టింది, అయినా దాన్ని అలా అన్నారు."

నా బాధ ఇంకొకటి. బడిలో జాతీయ గీతం పాడేటప్పుడు దోమ కుట్టినా కదలకుండా నిలబడ్డదాన్ని నేను. నా కూతురు కూర్చుంటానంటే మనసు ఒప్పుకోలేదు. అయినా వెళ్దామన్నాను.

సాహితి టీమ్ బస్సులో వెళ్లింది; శనివారం ఎనిమిదిన్నరకు మేమిద్దరం కమ్మింగ్‌లో బయల్దేరాం. 400 హైవే మీద దక్షిణంగా వచ్చి, 285 మీదుగా 75 ఎక్కితే మేకన్ దాకా తిన్నని దారి. నేను డ్రైవ్ చేశాను. అట్లాంటా దాటాక శ్రీధర్ నోరు విప్పారు. "వద్దని ఒక మెసేజ్ పెట్టనా?" "పెట్టండి" అన్నాను. ఫోన్ చాలాసేపు చేతిలో పట్టుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

మేకన్‌లో ఒక చిన్న హోటల్‌లో ఆగాం. ఇద్దరికీ ఇరవై ఆరు డాలర్లయింది. మాంసం వద్దని చెప్పి, ఆకుకూర చూసి తోటకూరనుకుని వడ్డించమంటే వంటావిడ నవ్వింది. "మాంసం తినరంటున్నారుగా, ఇందులో పంది మాంసం ఉడికింది. బెండకాయ తినండి." కొత్తవాళ్లతో మాట కలపని మా ఆయన, ఎక్కడికి వెళ్తున్నారని ఆవిడ అడగ్గానే కథంతా చెప్పేశారు. ఆవిడ గరిటె కింద పెట్టింది. "మా వాడూ ఫుట్‌బాల్ ఆడే రోజుల్లో అలాగే కూర్చున్నాడు. నాకు షిఫ్ట్ ఉండి వెళ్లలేకపోయాను. గ్యాలరీలో నావాళ్లు ఒక్కరూ లేరని ఇప్పటికీ అంటాడు."

శ్రీధర్ సగం తిండి వదిలేసి లేచారు. "పద, లేటవుతుంది." మ్యాచ్‌కి ఇంకా గంటన్నర ఉంది.

స్కూల్ అక్కడికి ఇరవై నిమిషాలు. టికెట్ ఎనిమిది డాలర్లు, పార్కింగ్ ఫ్రీ. ఒంటిగంటన్నరకు గీతం కోసం అందరినీ లేవమన్నారు. లేచి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను. కింద కోర్టులో టీమ్ వరుసలో ఇద్దరు పిల్లలు ఒక మోకాలు నేలకు ఆనించారు. మా అమ్మాయి చెయ్యి మాయా భుజం మీద ఉంది. కళ్లు గ్యాలరీ అంతా వెతుకుతున్నాయి. మేము కనబడ్డాక జెండా వైపు తిరిగి కదలకుండా ఉండిపోయింది. నాకు గర్వంతో ఏడుపొచ్చింది. అంత శ్రద్ధగా గీతం విన్నవాళ్లు ఆ హాల్లో ఇంకెవరూ లేరనిపించింది.

గీతం అవగానే వెనక వరుసలో ఒకాయన మా అమ్మాయి జెర్సీ చూసి గట్టిగా అడిగాడు. "ఆ ఏడో నంబర్ ఎవరి పిల్ల?"

ఇన్నేళ్లుగా ఆఫీసులోనూ ఎయిర్‌పోర్టులోనూ ఒదిగి ఒదిగి నడిచే మా ఆయన వెనక్కి తిరిగి చెయ్యెత్తారు. "మా పిల్ల," అన్నారు. అడిగినాయన కూర్చున్నాడు.

మ్యాచ్ ఓడిపోయాం. వీసా భయం మాకు ఇంకా ఉంది, ఒక్క మధ్యాహ్నంలో పోయేది కాదు. కానీ ఆ భయాన్ని పిల్ల నెత్తిన పెట్టే హక్కు మాకు లేదని ఆ రోజు తెలిసింది. ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్లకు ఒక్క సలహా: గీతం ఆట కంటే ముందు ఉంటుంది. పావుగంట ముందే వెళ్లి, పిల్ల తలెత్తగానే కనబడేచోట కూర్చోండి.