వ్యాన్ కప్పులో దూది

నంద్యాలలో పాత వ్యాన్ ఒకటి కొని, దాన్నే ఇల్లు చేసుకున్నాం. ఆళ్లగడ్డ, శిరివెళ్ల పల్లెల్లో వారం వారం ప్రార్థన కూటాలుంటాయి. వాటిలో పాట ఎత్తుకునేది నా భార్యే. ఆమెకు ఉబ్బసం. ఎవరింట్లో పడితే వాళ్లింట్లో దుమ్ములో పడుకోలేదు. అందుకే వ్యాన్‌లో మంచం, గ్యాస్ పొయ్యి పెట్టాం. అది పొడిగా ఉంటేనే ఆమె రాగలదు.

రేకు కప్పు ఎండకు పెనంలా కాలుతుంది. దాని కింద ఏం వేయాలని షెడ్డు మేస్త్రీని అడిగాను.

"ఫోమ్ షీటు తెచ్చి, సందు లేకుండా రేకుకు అతికియ్యప్పా. నీళ్లు పీల్చేదేదీ పెట్టొద్దు. పైన గాలి బొక్క ముయ్యొద్దు" అన్నాడు.

యాభై దాటినాక అక్షరాలు నేర్చినవాణ్ని. ఆ మాటలు కాగితం మీద నేనే రాసుకుని జేబులో పెట్టుకున్నాను. మళ్లీ తీసి చదివితే కదా!

బామ్మర్ది వచ్చాడు. "ఫోమ్ ఎందుకు బావా? పాత పరుపులుండాయి, దూది కుక్కుదాం. సల్లగుంటాది."

సరేనన్నాను. రేకుకూ ప్లైవుడ్‌కూ నడుమ నాలుగు పరుపుల దూది కుక్కాం. ఇక ఆ గాలి బొక్క చూస్తే నాకు భయం. మట్టి మిద్దెలో పెరిగాను. ఏటా వానలకు ముందు కారకుండా మిద్దె మీద చౌడు మట్టి పోసి తొక్కేవాళ్లం. నీళ్లంటే పైనుంచే వస్తాయని నా తలలో పాతుకుపోయింది. బొక్కను రేకుముక్కతో మూసి తారు పూశాను.

చలికాలంలో ఒక తెల్లవారి లేచేసరికి దుప్పటి మీద నీటి చుక్కలు. బయట వాన లేదు. తారు పూశాను. మళ్లీ చుక్కలు. మళ్లీ తారు. నాలుగో వారానికి ప్లైవుడ్ మీద నల్లని బూజు, తడి గోనెసంచి వాసన. ఆమెకు ఎదలో పిల్లికూతలు మొదలయ్యాయి. కూటంలో రెండో చరణం దగ్గర పాట ఆపి కూర్చుండిపోయింది.

"ఇంకో సుట్టు పూద్దాం బావా" అన్నాడు బామ్మర్ది.

ఆమెకు ఒళ్లు మండింది. "రోడ్డేస్తాండారా ఏంది ఇద్దరూ? తలుపులేసుకొని లోపల్నే అన్నం వండుతాండాం. మన ఊపిరి, ఆ ఆవిరి యాడికి పోవల్ల? మా నాయన మిద్దెకు పొయ్యి మింద గవాక్షి ఉండ్లా, పొగ పోనీకి? చౌడు గుర్తుండె నీకు, గవాక్షి మర్సిపోతివి! ఇంగ నేను రానయ్యా."

జేబులోని కాగితం తీసి ఇప్పుడు చదివాను. నా మీద నాకే రోత పుట్టింది.

ప్లైవుడ్ ఊడదీస్తే దూది ముద్దలు ముద్దలుగా రాలింది. పిండితే నీళ్లు. రేకు తుడిచి, ఎండనిచ్చి, ఫోమ్ అతికించాం. బూజు పట్టిన ప్లైవుడ్ పారేసి కొత్తది వేశాం. బొక్క తెరిచి, వాన పడకుండా పైన గొడుగులాంటి మూత పెట్టించాం. పొయ్యి బయటికి తెచ్చాం.

అయినా ఆమె నమ్మలేదు. "వారం దినాలు మీరిద్దరూ పండుకోండి అండ్ల. పొద్దున్నే దుప్పటి నాకు సూపీ."

ఆ వారం ఆమె పుట్టింట్లో పడుకుంది. వాకిట్లో బామ్మర్ది గురకకు వ్యాన్ అదిరింది. నేను రోజూ తెల్లవారి దుప్పటి మోసుకొచ్చి ఆమె ముందు పెట్టేవాణ్ని. ఆమె చేత్తో తడిమి, వాసన చూసి, పొడిగా ఉన్నా విసిరేసేది. ఏడో నాడు కూడా అలాగే విసిరేసింది. తర్వాత తన దిండు చంకన పెట్టుకుని వ్యాన్ ఎక్కింది. కూర్చోకముందే కప్పుకేసి చూసి అడిగింది:

"బొక్క తెర్సిందేనా?"