సమాధి బండ మీద ఉతికిన బట్టలు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. దయ్యం పట్టిందని మంత్రగాడికి కోడిపుంజును ఇచ్చినవాళ్లను, ఆ కోడిని మీరే కూర వండుకోకూడదా అని తిట్టినదాన్ని. మూడో తరగతితో బడి మానేసినా నా కళ్ల మీద నాకు నమ్మకం ఉంది. ఇది నా కళ్లతో చూసిందే.

మా నాయన తండ్రి ఐర్లాండు మనిషి. ధర్మవరంలో రైలు గార్డుగా చేసి పెనుకొండలో పోయాడు. మా నాయనమ్మ సంజమ్మను ఆయన ఉంచుకున్నాడని ఊళ్లో అనేవారు. బడిలో నన్ను "ఏమే దొర మనవరాలా" అని ఎగతాళి చేసేవారు. ఆయన మాటెత్తితే నాకు ఒళ్లు మండేది.

పెళ్లయి హిందూపురంలో ఇల్లు కట్టుకున్నప్పుడు బట్టలు ఉతకడానికి బండ కావాల్సి వచ్చింది. కొనడమెందుకని, పెనుకొండలో పడిపోయి ఉన్న ఆయన సమాధి రాయిని ఎడ్లబండిలో వేయించుకొచ్చాను. గరుకు మీద మురికి బాగా వదులుతుందని ఇంగ్లీషు అక్షరాలు పైకే పెట్టించాను. అందులో ఏముందో నాకు చదవడం రాదు, ఎవరినీ అడగలేదు. నలభై ఏళ్లు ఉతికాక అంతా నున్నగా అరిగిపోయింది.

రెండు వేల మూడు ఎండాకాలంలో నా మనవరాలు లలిత ఆయన వివరాలు వెతకడం మొదలుపెట్టింది. ఇంటిపేరు చర్చి పుస్తకంలో మలోనీ, రైల్వే కాగితంలో మెలోనీ, మా నాయన బడి కాగితంలో ముల్లోనీ. ఆయన ఏ ఇంటివాడో, మా నాయనమ్మను పెళ్లాడాడో లేదో తేల్చాలని దాని పట్టుదల.

ఒక మిట్టమధ్యాహ్నం నేను బండ కడుగుతుంటే వచ్చింది.

"అవ్వా, ఆయప్ప సమాధి రాయి యాడుండాది?"

"నాకేం తెలుసే? యాడన్నా పడుంటాది," అన్నాను, దాని మీదే నీళ్లు పోస్తూ.

ఆ ఎండకు బండ గబగబా ఆరింది. అక్షరాలు ఉండిన చోట మాత్రం తడి నిలిచింది, వరుసలు వరుసలుగా.

"అవ్వా, ఈడ ఏందో రాసుండాది!"

"యాడుందే? అంతా అరిగిపోయి చానా ఏండ్లాయె!"

నోరు జారాను. అది నా ముఖం చూసింది. లోపలికి పోయి కాగితం తెచ్చి రాసుకుంది. పైన ఆయన పేరు ఉందని చదివి చెప్పింది. ఇంటిపేరు ఆ మూడింటిలో ఏదీ కాదు.

"కింద 'ఆయన భార్య సంజమ్మ పెట్టించిన రాయి' అని ఉండాది. భార్య అంట అవ్వా!"

అది రాసుకోవడం అయ్యాక తడి ఆరిపోయింది. తర్వాత ఎన్ని బిందెలు పోసినా ఏమీ కనబడలేదు. రాళ్లు కొట్టే మనిషి వచ్చి వేళ్లతో తడిమి, ఇందులో చెక్కుడే మిగల్లేదమ్మా అన్నాడు. లలిత ఐర్లాండులో ఆ ఇంటిపేరు ఉన్నవాళ్లకు రాస్తే జవాబొచ్చింది. ఆ పేరు గలాయన ఇండియాకు రైలు పనికి పోయాడని వాళ్ల ఇంట్లో చెప్పుకునేవారట.

రాయి ఫొటో పంపమన్నారు. "వానలకు అరిగిపోయిందని రాస్తాలే అవ్వా," అంది లలిత, నా వైపు చూడకుండా.

ఆ తడి ఎలా నిలిచిందో ఈరోజుకీ నాకు అంతుబట్టలేదు. వానలు మాత్రం ఆ రాయిని ఏమీ చేయలేదు. మా నాయనమ్మ చెక్కించుకున్న మాటను అరగదీసింది నేను. లలిత ఉత్తరం రాస్తుంటే పక్కనే కూర్చుని కూడా ఆ సంగతి చెప్పలేకపోయాను.