చొక్కా మీద కరిగిన హీరో ముఖం

ఇన్నేళ్లూ ఈ మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతూనే ఉంది. ఇంట్లో వాళ్లకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

ఇస్నాపూర్‌లో టీషర్టుల మీద బొమ్మలు అచ్చువేసే చిన్న షెడ్డులో పనిచేసేదాన్ని. కొత్త సినిమా వస్తుందంటే హీరో ముఖం వేసిన చొక్కాలకు అభిమానులు ఎగబడేవారు. బొమ్మ గీయడం, రంగులు కలపడం అంతా నా పనే. తర్వాత షాహిదా చేరింది. నేనే పని నేర్పాను. ఆ పిల్ల గీసిన హీరో కళ్లు చూసి అభిమాన సంఘం వాళ్లు ఇక తమ చొక్కాలన్నీ ఈమే చేయాలన్నారు. ఓనరు నన్ను వేడి మిషన్ దగ్గరికి మార్చాడు. అచ్చయిన చొక్కాను దాని కింద ఉంచితేనే రంగు బట్టను పట్టుకుంటుంది.

కుళ్లుకున్నాను. వేరే మాట ఎందుకు? ఆమె నవ్వినా నాకు ఒళ్లు మండేది, అక్కా అని పిలిచినా మండేది. ఆమె చేసిన తప్పేమిటి? నాకంటే బాగా గీయడమేనా?

ఆ హీరో కొత్త సినిమా విడుదలకు షాహిదా రంగులు కలిపి అచ్చువేసిన చొక్కాలకు నేను వేడి తగ్గించాను. చూడటానికి బాగానే ఉన్నాయి. థియేటర్ ముందు కటౌటుకు పాలాభిషేకం చేస్తూ కుర్రాళ్లు ఆ పాలలోనే తడిసి గంతులేశారు. హీరో ముఖం కరిగి వాళ్ల పొట్టల మీదికి కారింది. ఇంకో హీరో అభిమానులు వీడియోలు తీసి పడీపడీ నవ్వారు. పరువు పోయిన కుర్రాళ్లంతా మా షెడ్డు మీదికి వచ్చారు.

షాహిదా రంగు కారిన చొక్కా ఒకటి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, నేనే రంగు తప్పు కలిపిన్నా?"

"గట్లనే ఉంది. జెర సూసుకోవాల్సింది గదా" అన్నాను.

నమ్మింది. పని నేర్పినదాన్ని, నా మాట ఎందుకు కాదనుకుంటుంది? ఆ రోజే ఓనరు ఆమెను తీసేశాడు. రంగుల పని మళ్లీ నాకొచ్చింది. ఇంత చేసీ, ఆమె గీసినట్టు కళ్లు గీయడం మాత్రం నాకు చేతకాలేదు. ఆ అసూయ ఇప్పటికీ పోలేదు, సిగ్గు విడిచి అదీ చెబుతున్నాను.

మొన్న పటాన్‌చెరు బస్టాండులో కలిసింది. మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేస్తోందట. మళ్లీ బొమ్మలు గీయవచ్చు కదా అన్నాను, ఏ మొహం పెట్టుకుని అన్నానో. తన చేతికి రంగు అచ్చిరాదని, ఆ సంగతి నాకు తెలిసిందే కదా అని నవ్వింది. కూతురు బొమ్మలు వేస్తున్నా వద్దంటుందట.

ఆమె రంగు సరిగ్గానే కలిపింది. వేడి తగ్గించింది నేను. ఆమెకు చెప్పాల్సిన మాట మీకు చెప్పాను. తేలికపడింది నా గుండె, ఆమెది కాదు.